ఇద్దరు మంత్రసైనికుల ప్రేమకథను నిదానంగా నడిపించడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఏడాదిగా ఒక నవల రాస్తున్నాను. కల్పిత దేశం, ముగింపు కనిపించని యుద్ధం, ఒకే దళంలో పనిచేసే ఇద్దరు మంత్రసైనికులు. అతడు నిప్పును విసరగలడు. అయితే ఆ నిప్పుకు కావలసిన వేడి అతడి ఒంట్లో నుంచే పోతుంది కనుక ప్రతి ప్రయోగం తరువాత చలితో బిగుసుకుపోతాడు. అప్పుడు ఆమె అతడి మణికట్టు పట్టుకొని తన దేహంలోని వేడిని అతడికి అందిస్తుంది. దళంలో ఆమెకు అప్పగించిన విధి అది.

వీరి ప్రేమ చాలా నెమ్మదిగా, దాదాపు చివరి వరకు వారికే తెలియకుండా పెరగాలని నా కోరిక. కానీ మొదటి అధ్యాయంలోనే చేయి పట్టుకున్నవారి మధ్య ఇక మిగిలేదేమిటన్న సందేహం నన్ను వదలడం లేదు. ఆలస్యం కోసం అపార్థాలను, మధ్యలో మరొక వ్యక్తిని, చేరని ఉత్తరాలను తెచ్చి పెట్టాను గాని చదివిన మిత్రులు అవి అతికించినట్లున్నాయన్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

ఆలస్యం వేరు, నిదానం వేరు. మీరు తెచ్చిన అపార్థాలు, ఉత్తరాలు ఆలస్యం మాత్రమే చేస్తాయి. అవి తొలగిన మరుక్షణం కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. నిదానం అంటే ప్రతి అధ్యాయంలోనూ ఏదో ఒకటి నిజంగా జరగడం, అది తిరిగి వెనక్కి తీసుకోలేనిది కావడం.

మీరు లోపమనుకుంటున్న ఆ స్పర్శ నా దృష్టిలో ఈ నవలకు పెద్ద బలం. విధిగా వందసార్లు పట్టుకున్న చేతికి ప్రేమ అర్థం ఉండదు కనుక, పోరు లేని ఒక సాయంత్రం, అతడికి చలి లేనప్పుడు, ఆమె అదే మణికట్టును పట్టుకుంటే అది ముద్దు కంటే పెద్ద సంఘటన అవుతుంది. ఆ సాయంత్రానికి ముందు ఎన్ని మెట్లు వేయవచ్చో చూడండి: వేడి అందిన తరువాత ఆమె చేయి తీయడంలో ఒక క్షణం జాప్యం, మరొక రోజు ఆమె అలసిపోయిందని గమనించి అతడు చలిని దాచుకోవడం, ఆ దాపరికం తెలిసి ఆమె కోపగించడం. ఆ కోపం దగ్గర మీరు చాలాసేపు ఆగాలి. అతడు తన కోసం కష్టపడ్డాడన్న సంగతి ఆమెకు అందులోనే తొలిసారి అందుతుంది.

రెండవ సమాధానం

మీ మంత్రవిద్య ఏర్పాటు చూడగానే నాకు అలంకారశాస్త్రం గుర్తుకు వచ్చింది. నాట్యశాస్త్రం చెప్పిన 8 సాత్త్విక భావాలలో, అంటే మనసులోని భావం వల్ల ఒంట్లో అప్రయత్నంగా కనిపించే మార్పులలో, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం ఉన్నాయి. గొంతు మారడం, వణకడం, ముఖం పాలిపోవడం అన్నమాట. మీ కథానాయకుడికి వేడి పోయినప్పుడు కలిగే లక్షణాలు కూడా ఇవే కదా! అతడు వణుకుతున్నది చలి వల్లనా, ఆమె దగ్గరగా కూర్చున్నందువల్లనా అన్నది ఆమెకు తెలియదు. కొంతకాలం వరకు అతడికీ తెలియదు. పాఠకుడికి మాత్రం ముందే తెలుస్తుంది. ఇంతకంటే సహజమైన అడ్డంకి మీకు దొరకదు, ఎందుకంటే ఇది బయటి నుంచి రాలేదు.

ఇంకొక మాట. మహాభారతంలో కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని అతడు ఘటోత్కచుడిపై ప్రయోగించవలసి వచ్చింది. ఆమె దగ్గరున్న వేడికీ అటువంటి పరిమితి పెట్టండి. ఒక రాత్రి ఇద్దరికి మాత్రమే సరిపడే వేడి ఉండి, గడ్డకట్టుకుపోతున్నవారు ముగ్గురైతే ఆమె ఏం చేస్తుంది? ఆమె ఎంపికలో పక్షపాతం ఉందా లేదా అని దళమంతా ఆలోచిస్తుంది, అందరికంటే ఎక్కువగా ఆమే ఆలోచిస్తుంది.

మూడవ సమాధానం

యుద్ధపు దినచర్యను కూడా వాడుకోండి. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమ రంగపు కందకాలలో బ్రిటిష్ సైనికులు తెల్లవారుజామున, సంధ్యవేళ దాడిని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఆయుధాలతో నిలబడేవారు. ప్రతిరోజూ రెండుసార్లు పక్కపక్కనే నిలబడి, మాట్లాడకుండా, ఒకే దిక్కుకు చూసే ఇద్దరిని ఊహించండి. కొన్ని రోజులు ముందు వరుసలో, కొన్ని రోజులు వెనుక వరుసలో, తరువాత విశ్రాంతిలో దళాలు మారుతుండేవి కనుక, విశ్రాంతి దొరికిన చోటనే దూరం పెరగడం కూడా సాధ్యమే: ముందు వరుసలో విధి వారిని కలుపుతుంది, వెనక్కి వచ్చాక కలవడానికి కారణం వెతుక్కోవాలి.

ఉత్తరాలను పూర్తిగా తీసివేయవద్దు. ఆ యుద్ధంలోనే సైనికులకు అచ్చువేసిన వాక్యాలున్న కార్డు ఇచ్చేవారు. అవసరం లేని వాక్యాలను కొట్టివేసి, సంతకం, తేదీ మాత్రమే రాయాలి. ఇంకేమైనా చేరిస్తే కార్డును నాశనం చేస్తామని దాని మీదే ఉండేది. క్షేమంగా ఉన్నానన్న వాక్యాన్నీ, ఆసుపత్రిలో చేరానన్న వాక్యాన్నీ రెండింటినీ కొట్టివేయకుండా పంపిన కార్డును ఆమె ఎన్నిసార్లు చదువుకుంటుందో మీరే రాయగలరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చలిని, ప్రేమను వేరుచేయలేకపోవడమన్న ఆలోచన నాకు తట్టనే లేదు. ఒక చిక్కు చెప్పడం మరిచాను: ప్రస్తుతం అతడే దళనాయకుడు.

మొదటి సమాధానం రాసినవారు

అది మార్చాలనే నా గట్టి అభిప్రాయం. అనేక దేశాల సైన్యాలు అధికారులకు, వారి కింద పనిచేసేవారికి మధ్య ప్రణయాన్ని నియంత్రించడం ఊరికే కాదు. ఆజ్ఞ ఇవ్వగలవాడు చేయి చాచినప్పుడు ఆమె అంగీకారం ఎంత స్వేచ్ఛగా వచ్చిందో పాఠకుడికి తెలియదు, అప్పుడు ఆ సాయంత్రపు స్పర్శ కూడా విధిలాగే కనిపిస్తుంది. ఇద్దరినీ సమానులను చేయండి. ఆజ్ఞలు మూడో మనిషి నుంచి రానివ్వండి.

ప్రశ్న అడిగినవారు

ఒప్పుకుంటున్నాను. దళనాయకత్వాన్ని వయసు మళ్లిన మరొక పాత్రకు ఇచ్చి, అపార్థాల అధ్యాయాలు మూడింటినీ తీసివేస్తున్నాను. ఈ రాత్రి అతడు చలిని దాచుకునే ఘట్టంతో మొదలుపెడతాను. ఆమె ఆ సంగతిని అతడి మాటలోని తడబాటును బట్టి కాక, అతడు నీళ్ల పాత్రను రెండు చేతులతో పట్టుకున్న తీరును బట్టి తెలుసుకుంటుంది.