ఆషూరా రోజా: పదో తేదీ ఒక్కటే ఉండొచ్చా?

ప్రశ్న:
అస్సలాము అలైకుం. ఆషూరా అంటే ముహర్రం నెల పదో తేదీ కదా, 9, 10 రెండు రోజులూ రోజా (ఉపవాసం) ఉండాలంటారు. తొమ్మిదిన కుదరకపోతే పది ఒక్కటే ఉండొచ్చా? సహరీకి (తెల్లవారుజామున తినే భోజనానికి) మెలకువ రాకపోతే ఆ రోజా పోయినట్టేనా? కర్బలా యుద్ధానికీ ఈ రోజాకీ సంబంధం ఉందా?

జవాబు 1:
వ అలైకుం అస్సలాం. తొమ్మిది తప్పితే పదికి పదకొండు కలుపుకోండి. ప్రవక్త (స) మదీనా వచ్చేసరికి అక్కడి యూదులు ఆషూరా ఉపవాసం ఉంటున్నారు. ఫిరౌన్ (ఈజిప్టు రాజు) బారినుంచి మూసా ప్రవక్త (అ) బయటపడ్డ రోజని చెప్పారు. మూసాకు మేమే ఎక్కువ దగ్గరివాళ్లమంటూ ప్రవక్త (స) కూడా రోజా ఉన్నారు, సహాబాలనూ (అనుచరులనూ) ఉండమన్నారు. హిజ్రీ (ఇస్లామీ శకం) 2లో రంజాన్ రోజా ఫర్జ్ (తప్పనిసరి) అయ్యాక ఇది నఫిల్‌గా (ఐచ్ఛికంగా) మిగిలింది. వచ్చే ఏడాది బతికుంటే తొమ్మిదిన కూడా ఉంటానన్నారు గానీ, ఆ ముహర్రం రాకముందే వఫాత్ అయ్యారు (కన్నుమూశారు). అందుకే 9-10 జతకే బలం ఎక్కువ. పది ఒక్కటే ఉన్నా రోజా చెల్లుతుంది. హనఫీ ఉలమా (హనఫీ న్యాయ సంప్రదాయ పండితులు) దాన్ని మక్రూహ్ తన్జీహీ (మానుకుంటే మేలు) అంటారు, గునాహ్ (పాపం) మాత్రం కాదు.

ఈ రోజా గడిచిన ఏడాది పాపాలకు కఫ్ఫారా (పరిహారం) అని హదీసులో ఉంది. అది చిన్న పాపాల మాట. ఎవరికో ఎగ్గొట్టిన బాకీ రోజాతో తీరదు!

జవాబు 2:
సహరీ సున్నత్ (ప్రవక్త ఆచారం), షరతు కాదు. ఫజర్ (తెల్లవారుజాము నమాజు వేళ) నుంచి ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే నఫిల్ రోజాకు పొద్దున కూడా నియ్యత్ (సంకల్పం) చేసుకోవచ్చు. హనఫీల గడువు ఫజర్-మగ్రిబ్ (సూర్యాస్తమయం) మధ్య సమయంలో సగం. ఫజర్ 4:30కి, మగ్రిబ్ 6:50కి అయితే 11:40 లోపు. మాలికీలు (మరో న్యాయ సంప్రదాయం వాళ్లు) మాత్రం రాత్రే నియ్యత్ కావాలంటారు.

ఎక్కువమంది దెబ్బతినేది లేవగానే తాగే గ్లాసు నీళ్ల దగ్గరే. రాత్రే నియ్యత్ చేసుకుని మరచిపోయి తాగితే రోజా నిలుస్తుంది. నియ్యతే లేకుండా తాగేస్తే ఇక ఆ రోజుకు కుదరదు. అజాన్ పూర్తయ్యేదాకా తినొచ్చనుకోవడమూ పొరపాటే, ఫజర్ వేళ కాగానే ఆపాలి.

జవాబు 3:
కర్బలా జరిగింది హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680. రోజా అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందునుంచే ఉంది. అక్కడ ప్రవక్త మనవడు ఇమాం హుసైన్ షహీద్ (అమరుడు) అయిన రోజు కాబట్టి షియాలు సాధారణంగా రోజా నియ్యత్ చేయరు. అసర్ (మధ్యాహ్నం తర్వాతి నమాజు) వరకూ అన్నం నీళ్లు ముట్టకుండా ఫాఖా (పస్తు) ఉంటారు. రెండూ కలిపేసి వాదించుకోవడం అనవసరం.

తేదీ విషయంలో అచ్చు క్యాలెండర్‌ను నమ్ముకోకండి. జుల్ హిజ్జ (ముహర్రంకు ముందు నెల) 29 సాయంత్రం నెలవంక కనబడకపోతే 30 పూర్తిచేస్తారు, ఆషూరా ఒక రోజు వెనక్కి వెళ్తుంది. అనుమానం ఉంటే 9, 10, 11 మూడూ ఉండండి.