సమస్యాపూరణం: «వెండి మోత తినిరి విందులోన»

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఒక్క షరతు: పూరణ హైదరాబాదు పాతబస్తీలో వినబడే చప్పుడు మీదే ఉండాలి. అజాన్, లాడ్ బజార్ గాజుల బేరాలు, హలీం డేగ్‌లో (పెద్ద గిన్నెలో) ఘోట్నీ (మెదిపే కొయ్య) దెబ్బలు, ఏదైనా సరే. చూసింది వద్దు, విన్నది రాయండి.

కోనసీమ కొబ్బరి:

పెండ్లియింటిలోనఁ బిల్లలు తిరుగగ
కాళ్ళ గజ్జె లెల్ల ఘల్లుమనఁగ
చెవుల కింపు గాఁగఁ జేరిన చుట్టాలు
వెండి మోత తినిరి విందులోన

నిర్వాహకుడు: గణాలూ యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కలవాల్సిన జోడీ అక్షరం) నిక్షేపంగా ఉన్నాయి. కానీ కొబ్బరి గారూ, ఈ పెళ్ళి అమలాపురంలో జరిగినా ఒకటే కదా? పైగా చుట్టాలు గజ్జెల చప్పుడు విన్నారు సరే, తిన్నదెక్కడ? ముడి ఆ క్రియ దగ్గరే ఉంది. మీరు దాని పక్కనుంచి వెళ్ళిపోయారు.

పెద్దబాలశిక్ష: వరఖ్ మీద రాశాను. మిఠాయిలకు అద్దే వెండి రేకు.

తోలు పుటల నడుమ దూర్చిన తునకను
పగలు రేయి కొట్టఁ బలుచనయ్యె
సుత్తె పాట కరిగి సొంపుగా బర్ఫీల
వెండి మోత తినిరి విందులోన

నిర్వాహకుడు: ముడి విప్పారు మాష్టారూ! అయితే ఒక పుటల కట్టకి కొన్ని గంటలు పడుతుంది గానీ పగలూ రేయీ కొట్టరు. తోలు పుటలూ పాత మాటే. వరఖ్ తయారీలో జంతు పదార్థమేదీ వాడకూడదని 2016లో నియమం వచ్చింది.

పెద్దబాలశిక్ష: అందుకే కదా భూతకాలం వేశాను!

ఉస్మానియా బిస్కెట్: మాది చార్మినార్ దగ్గర గల్లీ. తప్పులుంటే తిట్టకండి.

ఠక్కు ఠక్కు మనుచుఁ దట్టిరి గల్లీల
మసక చీకటిండ్ల మనుజులెవరొ
మెత్తనైన రేకు మీఠాలపై నంట
వెండి మోత తినిరి విందులోన

నిర్వాహకుడు: 'మీఠాలు' భలే పడింది. మొదటి పాదంలో యతి పోయింది, ఠకారానికి దకారం చెల్లదు. పక్కింటివాళ్ళని 'మనుజులెవరొ' అంటారా తమ్ముడూ? అసలు ఆ చప్పుడు ఠక్కనేనా?

ఉస్మానియా బిస్కెట్: కాదన్నా. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నా. సుత్తె వెండి మీద పడేది కాదు, తోలు కట్ట మీద పడేది. కింద రాయి. అందుకే ఖంగుమనేది కాదు, మందంగా ధబ్ ధబ్ అనేది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒకరి దెబ్బ సందులో ఇంకొకరిది పడేది. మధ్యలో ఆగిందంటే కట్ట తిప్పుతున్నారనో, చాయ్ వచ్చిందనో అర్థం. చార్మినార్ గడియారాలు 1889 నుంచీ ఉన్నాయి గానీ వాటిని తలెత్తి చూడాలి. మా అమ్మ మాత్రం మధ్యాహ్నం ఆ చప్పుడు ఆగితేనే అన్నం పెట్టేది. ఆ రేకు కొట్టేవాళ్ళని మామూ (మామ) అనేవాళ్ళం.

ధబ్బు ధబ్బు మనుచుఁ దట్టిరి గల్లీల
మసక చీకటిండ్ల మామలంత
మెత్తనైన రేకు మీఠాలపై నంట
వెండి మోత తినిరి విందులోన

నిర్వాహకుడు: ధకారానికి దకారం! యతి దానంతటదే వచ్చి కూర్చుంది చూశారా.

కోనసీమ కొబ్బరి: ఒక్క సందేహం. 'పై నంట' అంటే అంటుకోవడమా, ఎవరో చెప్పగా విన్న 'అంట'నా?

ఉస్మానియా బిస్కెట్: అంటుకోవడమేనండీ. వరఖ్‌ని వేలితో తీయబోతే వేలికే అంటుకుపోతుంది. అందుకే కాగితంతో సహా మీఠా మీద బోర్లించి, మెల్లగా కాగితం లాగేస్తారు.