అప్‌డేట్: నా ఆన్‌లైన్ ఆధ్యాత్మిక ఆరోగ్య సేవ మొదలైంది

ఆటిజం ఉన్న విశ్రాంత నర్సును, తిరుపతిలో ఉంటాను, భక్తినీ ఆరోగ్యాన్నీ కలిపి ఆన్‌లైన్‌లో ఏదైనా చేయాలనుంది, ఎలా అని ఇక్కడే అడిగాను. మొదలుపెట్టేశాను!

ప్రత్యక్ష ప్రసారాలు వద్దు, రాతలూ రికార్డు చేసిన గొంతూ చాలన్న మీ సలహానే పాటించాను. నలుగురు ఒకేసారి మాట్లాడితే నాకు అంతా కలగాపులగమవుతుంది. రాసి పంపిన ప్రశ్నకైతే తీరిగ్గా, పూర్తిగా జవాబివ్వగలను.

ఎక్కువమంది అడిగేది అలిపిరి నడక గురించే. సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. మధుమేహం ఉన్నవారు మాత్ర వేసుకుని ఉపవాసంతో ఎక్కుతామంటే నా గుండె గుభేలుమంటుంది. చక్కెర పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. మెట్ల మీద పడితే ఇంకేమైనా ఉందా? ముందు డాక్టరును అడగండి, జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి అని ప్రతి ఒక్కరికీ రాస్తున్నాను. ఒళ్లు హింసించుకుంటేనే మొక్కు తీరుతుందని నేను ఒప్పుకోను.

గోవింద నామాలతో ఊపిరి అభ్యాసం కూడా రికార్డు చేశాను. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, పీల్చిన దానికన్నా నెమ్మదిగా గాలి వదులుతూ.

ఆటిజం ఉన్న తన బాబు దర్శనం క్యూలో రద్దీని, అరుపులను తట్టుకోలేడని చిత్తూరు నుంచి ఒక తల్లి రాశారు. అక్కడ వరుసగా ఏయే శబ్దాలు వినబడతాయో ముందే చెప్పే రికార్డింగు ఆ బాబు కోసమే తయారుచేస్తున్నాను.