కార్యక్రమంలో వచ్చిన డబ్బు టీచర్ జీతానికా, వాయిద్యాలకా?

శ్రుతిపెట్టె (చర్చ మొదలుపెట్టినవారు):
అందరికీ నమస్కారం. మా పిల్లల బడిలో సంగీతం, బొమ్మల క్లాసులకు డబ్బు తల్లిదండ్రుల కమిటీయే సమకూరుస్తుంది. ఏడాదికోసారి ఒక సాయంత్రం కార్యక్రమం పెడతాం. పిల్లల పాటలు, ఒక నాటిక, వాళ్ళు వేసిన బొమ్మల వేలం, టికెట్లు, కొన్ని స్పాన్సర్‌షిప్‌లు. ఈసారి ఖర్చులు పోను ఎప్పుడూ లేనంత మిగిలింది, దాంతో కమిటీ రెండుగా చీలింది. సగంమంది వయొలిన్లు, కీబోర్డులు, మంచి మైక్ సెట్ కొందామంటున్నారు. మిగతావాళ్ళం (నేనూ ఈ వైపే) వారానికి మూడు రోజులు వచ్చే సంగీతం టీచర్ని పెట్టుకుందామంటున్నాం. వాళ్ళ వాదన ఏమిటంటే, వస్తువైతే కళ్ళకు కనబడుతుంది, మీద దాత పేరు వేయొచ్చు, ఏళ్ళ తరబడి ఉంటుంది, జీతమైతే ఏడాది తిరిగేసరికి ఖర్చయిపోతుంది. నేర్పే మనిషి లేకుండా వాయిద్యాలు కొంటే అవి బీరువాలోనే ఉంటాయని మా భయం. ఇలాంటి కమిటీల్లో పనిచేసినవాళ్ళు, నేర్పేవాళ్ళు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకోశాధికారి:
మొహమాటం లేకుండానే చెబుతాను. నేను ఇలాంటి కమిటీలో లెక్కలు చూశాను, నా ఓటు వస్తువులకే. కారణం, జీతం అంటే మాట ఇవ్వడం. ఒకసారి మొదలుపెట్టాక ప్రతి నెలా ఇవ్వాలి, కార్యక్రమమేమో ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. ఆ రోజు వాన పడినా, పరీక్షల తేదీలు మారినా, పెద్ద స్పాన్సర్ ఆఖరి నిమిషంలో తప్పుకున్నా వసూలు సగానికి పడిపోతుంది, కానీ టీచర్ ఇంటి అద్దె సగానికి పడదు కదా. పైగా ఈ సంవత్సరం ఎక్కువ మిగిలిందంటున్నారు, ఎందుకు మిగిలిందో చూశారా? ఒక్క దాత పెద్ద మొత్తం ఇచ్చి ఉంటే దాన్ని మామూలు రాబడిగా లెక్కేయకండి.

ఇంకో సంగతి. అమెరికాలో బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే ప్రదర్శన కళల ఖర్చు గురించి ఒక మాట తేల్చారు. ఫ్యాక్టరీలో యంత్రాలొచ్చి అదే పని తక్కువమందితో అవుతుంది కానీ, నలుగురు వాయించాల్సిన సంగీతం ఎప్పటికీ నలుగురే వాయించాలి, పట్టే సమయమూ అంతే. జీతాలు మాత్రం మిగతా రంగాలతో పాటు పెరుగుతాయి. నేర్పడమూ అంతే, ఒక పిల్లకి వయొలిన్ వాయించే కమాను పట్టుకోవడం నేర్పడానికి వందేళ్ళ కింద ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పడుతుంది. కాబట్టి టీచర్ ఖర్చు ఏటా పెరుగుతూనే ఉంటుంది, దాన్ని అందుకోవాలంటే మీ కార్యక్రమం కూడా ఏటా పెద్దదవుతూ పోవాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంది?

కుంచెటీచర్:
నేను బొమ్మలు నేర్పుతాను, అచ్చం ఇలాంటి విరాళాల డబ్బుతోనే ఒకచోట పనిచేశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

"వస్తువు ఏళ్ళ తరబడి ఉంటుంది" అన్నది దగ్గరుండి చూడనివాళ్ళు అనే మాట. వయొలిన్ తీగలు అరుగుతాయి, తెగుతాయి. కమానుకి వెంట్రుకలు మార్పించాలి. పిల్లలు పెరిగేకొద్దీ సైజు మారాలి, చిన్న పిల్లకి ఫుల్ సైజు వయొలిన్ ఇస్తే భుజం నొప్పి తప్ప ఏమీ రాదు. కీబోర్డుకి ముందు అడాప్టర్ పోతుంది, తర్వాత స్టాండ్ వంగుతుంది. మా వైపు చూస్తే రంగుల ట్యూబులు మూత సరిగా పెట్టకపోతే ఎండిపోతాయి, కుంచెలు సరిగా కడగకపోతే బిరుసెక్కి గీత పడదు, కాగితం ఎంత తెచ్చినా చాలదు. ఈ వస్తువుల్ని బతికించేది కూడా టీచరే. ఎవరూ పట్టించుకోని చోట కొన్నవి ఎలా ఉంటాయో చూశాను, పెట్టె తీస్తే వయొలిన్ తీగల్ని ఎత్తిపట్టే వంతెన (బ్రిడ్జ్) పడిపోయి, తీగలు వదులై, ఒక్కటీ వాయించడానికి పనికిరాదు. దాత పేరున్న ఇత్తడి రేకు మాత్రం బాగానే ఉంది.

కోశాధికారి గారూ, జీతం ప్రతి నెలా ఇవ్వాలన్నది నిజమే. అయితే ఆ బరువు ఇప్పుడు ఎవరి మీద పడుతోందో కూడా చూడండి. నాకు ప్రతి ఏడాదీ కార్యక్రమం అయ్యాక గానీ వచ్చే ఏడాది ఉద్యోగం ఉందో లేదో తెలిసేది కాదు. ఆ టెన్షన్‌లో ఎవరూ మూడేళ్ళ పాఠం ప్లాన్ చేసుకోరు, ఏ టర్ముకి ఆ టర్ము గట్టెక్కించడమే.

కాలిఫోర్నియాలో 2022లో ఓటర్లు కళల విద్యకి ప్రత్యేకంగా ప్రభుత్వ డబ్బు కేటాయించే చట్టం తెచ్చారు, ప్రపోజిషన్ 28 అంటారు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, 500 మంది లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్న విద్యా జిల్లాలు (అక్కడ ఒక ప్రాంతంలోని బడుల్ని నడిపే సంస్థలు) వచ్చిన దాంట్లో కనీసం 80 శాతం మనుషుల జీతాలకే పెట్టాలి. శిక్షణ, సామాన్లు, బయటి సంస్థలతో కలిసి చేసే పనులు అన్నీ మిగతా దాంట్లోనే. సామాన్ల వైపు చెయ్యి సులువుగా పోతుందని వాళ్ళకీ తెలిసే ఉంటుంది.

నిలదీత:
టీచరా వాయిద్యాలా అని కొట్టుకుంటున్నారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. సంగీతం టీచర్ని పెట్టాల్సింది బడి. లెక్కల టీచర్ జీతానికి ఎప్పుడైనా టికెట్లు అమ్మారా? లేదు కదా. మరి సంగీతానికి ఎందుకు? కుళాయి రావట్లేదని వీధివాళ్ళు చందాలేసుకుని ట్యాంకర్ తెప్పించుకుంటుంటే పైపు వేయాల్సినవాడు ఇంక ఈ వీధి వైపు చూడడు. ఇదీ అంతే. ఇవాళ మీరు జీతం ఇస్తే, రేపటి బడ్జెట్‌లో ఆ ఖాళీ "తల్లిదండ్రులు చూసుకుంటున్నారు" అని శాశ్వతంగా తీసేస్తారు. కుంచెటీచర్ గారు చెప్పిన కాలిఫోర్నియా చట్టంలోనే ఆ డబ్బు పాత ఖర్చుకి అదనంగా ఉండాలి, దాని బదులు వాడకూడదు అని షరతు ఉంది. ఆ భయం లేకపోతే అలా రాసుకోవాల్సిన పనేముంది? కళల్లో పాల్గొనడం పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఉంది. హక్కుని వేలంపాటతో నడపకూడదు.

పాతపుటలు:
నిలదీత గారి కోపం అర్థమైంది, కానీ విరాళాలతో కళ నేర్పడం ఇవాళ పుట్టిన జబ్బేం కాదు. ఇటలీలోని వెనిస్‌లో పియెటా అనే అనాథాశ్రమం ఉండేది, అక్కడి ఆడపిల్లల్లో కొందరికి సంగీతం చాలా గట్టిగా నేర్పేవాళ్ళు. వాళ్ళు పాడే, వాయించే కచేరీలకు దూరాల నుంచి జనం వచ్చేవాళ్ళు, ఆ పేరుతో విరాళాలూ వచ్చేవి. వివాల్డి అనే పేరుమోసిన సంగీతకర్త 1703లో అక్కడ వయొలిన్ టీచర్‌గా చేరాడు. ఇప్పుడు ఈ చర్చకి పనికొచ్చే ముక్క: ఆయన్ని కొనసాగించాలా వద్దా అని పాలకమండలి మళ్ళీ మళ్ళీ ఓటు వేసేది. 1709లో 7-6 తేడాతో తీసేశారు. 1711లో ఏకగ్రీవంగా మళ్ళీ పిలిచారు. వివాల్డి అంతటివాడి ఉద్యోగమే ఒక్క ఓటు మీద ఊగింది, కుంచెటీచర్ గారి సంగతి వేరే చెప్పాలా. నేను టీచర్ వైపే. కానీ టీచర్ని పెట్టేముందు, ఏ పరిస్థితిలో తీసేస్తారో కూడా ముందే రాసుకోండి, అప్పటికప్పుడు చేతులెత్తే పద్ధతి వద్దు.

తెరవెనుక:
ఇంతమంది రాశారు, పిల్లల వైపు నుంచి ఒక్కరూ చూడలేదు.

నేను నాటకాలు నేర్పిస్తాను. డబ్బు కోసం పెట్టే కార్యక్రమం దగ్గరపడేకొద్దీ క్లాసులో పాఠం ఆగిపోతుంది, రిహార్సల్ మొదలవుతుంది. కార్యక్రమం బాగుంటేనే డబ్బొస్తుంది కాబట్టి బాగా పాడేవాళ్ళని ముందు వరసలో పెడతాం, శ్రుతి కలవని పిల్లవాణ్ణి "నువ్వు పెదాలు కదుపు చాలు" అంటాం. ఇది నేను చాలాచోట్ల చెవులారా విన్నాను, విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంది. అసలు ఆ పిల్లవాడి కోసమే కదా డబ్బు పోగుచేస్తున్నది! వాడికి ఆ రోజు నుంచి నాకు పాట రాదు అన్నది ఖాయమైపోతుంది, పెద్దయ్యాక కూడా పదిమందిలో గొంతెత్తడు. టీచర్ జీతం ఆ ఒక్క సాయంత్రం మీదే ఆధారపడితే ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, టీచర్ తన జీతం తానే పిల్లల చేత సంపాదించుకోవాల్సి వస్తుంది. నన్నడిగితే డబ్బు పోగుచేసే కార్యక్రమంలో పెద్దవాళ్ళు పాడాలి, ఆడాలి. తల్లిదండ్రులు, పాత విద్యార్థులు, ఊళ్ళో కళాకారులు. పిల్లలు నేర్చుకున్నది చూపించే రోజు విడిగా, టికెట్టు లేకుండా పెట్టండి, అందులో అందరూ ఎక్కాలి, తప్పు పాడినా సరే.

శ్రుతిపెట్టె:
తెరవెనుక గారూ, పిల్లలు లేకపోతే అమ్మమ్మలు తాతయ్యలు టికెట్లు కొనరండీ, వసూలు పడిపోతుందేమో. కానీ పెదాలు కదపమనే మాట మా దగ్గరా అన్నారు, అది మాత్రం ఆపిస్తాను. ఇంకో చిన్న ప్రశ్న అందరికీ. కరపత్రంలో "సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి" అని వేయాలని ఒకరు పట్టుబడుతున్నారు, దాతలు కదులుతారట. వేయొచ్చా?

కుంచెటీచర్:
దయచేసి వేయకండి. ఆ ప్రచారానికి చాలావరకు ఊపిరి పోసింది 1993లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు మోజార్ట్ అనే పాశ్చాత్య సంగీతకర్త సంగీతం విన్నాక, ఆకారాలను మనసులో ఊహించుకునే ఒక రకం పరీక్ష కొంచెం మెరుగ్గా రాశారు, ఆ ప్రభావం పావుగంటకి మించలేదు. అది వినడం, నేర్చుకోవడం కాదు, వాళ్ళు చిన్నపిల్లలూ కాదు. తర్వాత 2000లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లండ్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూర్చి చూస్తే, కళల వల్లే మార్కులు పెరుగుతాయని చెప్పడానికి చాలా వాటిల్లో గట్టి ఆధారం దొరకలేదు. నాటకం వల్ల భాష మెరుగవుతుందన్న దానికి మాత్రం ఆధారం బాగుంది, తెరవెనుక గారు సంతోషించొచ్చు.

నిజం కాదు కాబట్టి వద్దనడం ఒక కారణం. ఇంకోటి, లెక్కల కోసం సంగీతం అని అమ్మితే, లెక్కల మార్కులు పెరగని ఏడాది మీ టీచర్ని తీసేయమనడానికి దాతకి మీరే కారణం ఇచ్చినట్టు. పిల్లకి పాట రావాలి, అందుకు డబ్బు కావాలి. అలాగే రాయండి. అది విని ఇచ్చే దాతే నిలబడతాడు.

నిలదీత:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటాను. కానీ నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంకా పెద్ద బాధ ఒకటుంది. కలిగినవాళ్ళ పిల్లలున్న బడిలో ఒక్క సాయంత్రంలో టీచర్ జీతం వచ్చేస్తుంది, రెండు వీధుల అవతల బడిలో అదే కార్యక్రమం పెడితే హాలు అద్దె కూడా రాదు. అంటే విరాళాలతో నడిపేకొద్దీ పాట డబ్బున్న పిల్లలకే మిగులుతుంది.

పాతపుటలు:
దానికి దారి ఆలోచించినవాళ్ళున్నారు. అమెరికాలో పోర్ట్‌లండ్ నగరం బడుల్లో తల్లిదండ్రులు చందాలతో అదనపు సిబ్బందిని పెట్టుకోవచ్చు అన్నారు, కానీ చాలా ఏళ్ళపాటు మొదటి 10,000 డాలర్లు దాటాక వచ్చిన దాంట్లో మూడో వంతు ఉమ్మడి నిధికి ఇవ్వాలనే నియమం ఉండేది, అది అవసరమున్న ఇతర బడులకు వెళ్ళేది. దాని మీదా చాలా గొడవలయ్యాయి, మా పిల్లలకి ఇచ్చింది వాళ్ళకెందుకు అని. అయినా నాకు ఆ ఆలోచన సబబుగా అనిపిస్తుంది. శ్రుతిపెట్టె గారూ, మీరు పెట్టే టీచర్ వారానికి మూడు రోజులే కదా. నాలుగో రోజు పక్క బడికి పంపగలరా?

పాతకోశాధికారి:
చదివాను అన్నీ. తీగలు, కమాన్ల ఖర్చు మా లెక్కల్లో "ఇతరములు" కింద పోయేది, దాన్ని విడిగా చూపించాలన్నది సరైన మాట. అయినా జీతం విషయంలో నా భయం తగ్గలేదు, కాబట్టి టీచరే కావాలనుకుంటే నావి మూడు షరతులు. మొదటిది, చేతిలో పూర్తి ఏడాది జీతం విడిగా జమ అయ్యాకే పిలవండి. ఈ ఏడాది వసూలుతో ఈ ఏడాది జీతం ఇవ్వకూడదు, వచ్చే ఏడాదిది ఇవ్వాలి. అప్పుడు వాన పడినా తేరుకోవడానికి పన్నెండు నెలలు ఉంటాయి. రెండోది, కార్యక్రమాన్ని డబ్బు వసూలు చేసే చోటుగా కాకుండా నెలనెలా కొంచెం ఇచ్చేవాళ్ళని చేర్చుకునే చోటుగా వాడండి. గేటు దగ్గర టికెట్టుతో పాటు ఒక ఫారం ఇవ్వండి. యాభై మంది నెలనెలా చిన్న మొత్తం ఇస్తే అది ఒక పెద్ద స్పాన్సర్ కంటే నమ్మకం. మూడోది, ఎంత వసూలైందో కాదు, ఎంత మిగిలిందో గోడ మీద పెట్టండి. హాలు, లైట్లు, డెకరేషన్ పోను వందలో నలభై మిగిలే కార్యక్రమాలు చూశాను నేను, అందరూ వంద గురించే చప్పట్లు కొడతారు.

ఈ మూడూ కుదరకపోతే వాయిద్యాలే కొనండి, కానీ కొన్న ధరలో కొంత శాతం రిపేర్లకు పక్కన పెట్టి కొనండి.

శ్రుతిపెట్టె:
ఇవి ఉన్నవి ఉన్నట్టు ప్రింట్ తీసి కమిటీ ముందు పెడతాను. ఏడాది జీతం ముందే జమ చేయాలంటే ఇప్పుడున్న డబ్బుతో వారానికి మూడు రోజులు కుదరదు, రెండు రోజులే. అప్పుడు పక్క బడికి ఇవ్వడానికి రోజు మిగలదు, అక్కడ నేను ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. నిలదీత గారూ, బడి యాజమాన్యంతో ఒక కాగితం రాయించుకోవడం గురించి అడుగుతాను, మేం రెండేళ్ళు జీతం ఇస్తాం, మూడో ఏడాది నుంచి సగం మీరు ఇవ్వాలి అని. ఒప్పుకుంటారంటారా?

నిలదీత:
అడిగితే ఒప్పుకోరు. టీచర్ చేరకముందే, సంతకం పెడితేనే డబ్బు ఇస్తామని చెప్పండి. పిల్లలు ఒకసారి ఆవిడకి అలవాటు పడ్డాక మీ చేతిలో ఏమీ ఉండదు.