ప్రాణంబులున్ తావుల్ దప్పెనా, ఠావుల్ దప్పెనా?

తెనాలి నుంచి:
ఇంట్లో సొంతంగా వాక్యూమ్ ట్యూబ్ మైకు కడుతున్నాను. 12ఏవై7 ట్యూబు, హెచ్‌టీ (ట్యూబుకిచ్చే ఎక్కువ వోల్టేజీ) 120 వోల్టులు, హీటరుకి 6.3 వోల్టుల డీసీ. పవర్ సప్లై పెట్టె వైరింగు వివరం తెలుగులో రాసుకుందామని కూర్చుని మొదటి గీత దగ్గరే ఆగిపోయాను. గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఆకుపచ్చ తీగ, పెట్టె రేకు, సర్క్యూట్ సున్నా వోల్టులు: మూడింటినీ ఎర్త్ అనే అంటాం, మూడూ ఒకటి కాదు. సున్నా వోల్టులకి ‘తావు’ అని రాశాను. రాయగానే తాతయ్య రోజూ చదివే పోతన గజేంద్రమోక్షం పద్యంలో ఏనుగు మొర మెదిలింది: ‘ప్రాణంబులున్ తావుల్ దప్పెను’. తావుల్ అనేవారా, ఠావుల్ అనేవారా? రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

వరంగల్ నుంచి:
ఠావుల్. శార్దూల వృత్తం కదా, ఆ మాటతోనే పాదం మొదలవుతుంది, పాదం మొదటి అక్షరానికి పదమూడోది యతి కుదరాలి. ఆ పదమూడో అక్షరం చూడండి: ‘దనువున్ డస్సెన్’లో డ. ఠకి డతో యతి కుదురుతుంది, తకి కుదరదు. ప్రాస వకారం కాబట్టి దాన్నిబట్టి తేలదు, యతే సాక్ష్యం. మా బమ్మెర పోతన్న యతి తప్పడు.

రాజమండ్రి నుంచి:
యతి సరే మాస్టారూ. యతి కోసం ఠ తెచ్చుకున్నాడా, ఆ మాట అప్పటికే ఠావేనా అన్నది వేరే ప్రశ్న. స్థానం ప్రాకృతంలో ఠాణం అయింది, హిందీలో ఠాఁవ్ ఉంది. మన ఠావు ఆ ఇంటిదే. తావు మాత్రం అచ్చ తెలుగని నా పట్టు, కన్నడంలోనూ తావే.

బెంగళూరు నుంచి:
కన్నడంలో ఉన్నంత మాత్రాన దేశ్యం అయిపోదండీ. ఒత్తు పోయి ఠ కాస్తా త అయిందని ఎందుకు అనుకోకూడదు? మరి పరీక్ష హాల్లో అడిగే అరఠావు సంగతేమిటి? హిందీలో కాగితాన్ని తావ్ అంటారు. అక్కడ త మనకి వచ్చి ఠ అయింది. అంటే మన నోట ఈ రెండూ అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి.

వరంగల్ నుంచి:
కాగితం ఠావుకీ పోతన ఠావుకీ చుట్టరికం లేదు తమ్ముడూ. కలపకండి.

హైదరాబాద్ నుంచి:
ముప్పై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ని, ఎర్త్ గురించి ఒక మాట. కాపాడే తీగ పేరుని మనం అపాయానికి పెట్టుకున్నాం. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటే ‘ఎర్త్ కొడుతోంది’ అంటాం. పేపర్లో ‘పదవికి ఎర్త్’ అని రాస్తారు. నిజానికి ఎర్త్ సరిగా లేకపోతేనే ఆ జివ్వు. అందుకే కొత్త మాట కావాలన్న మీ ఆరాటం నాకు నచ్చింది. ఏ పేరు పెట్టినా ఆకుపచ్చ తీగని మాత్రం కోయకండి. రొద పోతుందని దాన్ని తీసేసినవాళ్లని చూశాను. లోపల ఒక తీగ ఊడి రేకుకి తగిలితే ఆ రేకు మీద 230 వోల్టులు నిలుస్తాయి. పవర్ తీగ లోపలికి వచ్చిన చోటే దానికంటూ ఒక బోల్టు వేసి, రంగు గీకి, రేకుకి బిగించండి.

తెనాలి నుంచి:
కోయను బాబాయిగారూ, మాట ఇస్తున్నాను. రొద మాత్రం ఉంది. 50 హెర్ట్‌జ్ గూఁ కాదు, 100 హెర్ట్‌జ్ గుర్రు.

రాజమండ్రి నుంచి:
ఇప్పుడు పద్యానికి రండి. ‘ఠావుల్’ బహువచనం ఎందుకు? ప్రాణాలు ఐదు, ఐదింటికీ వేర్వేరు చోట్లు. హృదయంలో ప్రాణం, గుదంలో అపానం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, ఒళ్లంతా వ్యానం. ఏనుగు అంటున్నది ప్రాణం పోతోందని కాదు, ఐదూ తమ చోట్లు తప్పాయని. ‘ఠావు దప్పెను’ అని ఉంటే ఈ అర్థమే లేదు. నాకు ఠ కన్నా ఆ ‘ల్’ ముఖ్యం.

హైదరాబాద్ నుంచి:
మీ పెట్టె జబ్బూ అదే బాబూ! 100 హెర్ట్‌జ్ అంటే, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి మొదటి కెపాసిటర్‌ని నింపే పోట్లు. ఆ కరెంటు తిరిగి వెళ్లే తీగ మీదే మైకు సిగ్నల్ కూడా తిరిగి వెళితే గుర్రు వినపడక తప్పదు. బ్రిడ్జి మైనస్‌ని నేరుగా మొదటి కెపాసిటర్ మైనస్‌కే కలపండి. ఆఖరి కెపాసిటర్ మైనస్ నుంచి ఒక తీగ తీసి, ఒకే ఒక్క చోట రేకుకి కలపండి. మైకు తీగ తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఒకటో పిన్ను రేకుకే పోవాలి. ముట్టుకునే ముందు కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో చూసుకోండి, ఆపేశాక కూడా కొడతాయి.

డాలస్ నుంచి:
ఠావు కన్నా మంచి మాట అదే ఘట్టంలో ఉంది. ‘ఎవ్వనియందు డిందు’. డిందు అంటే అణగు, శమించు. కరెంటు తిరిగొచ్చి అణిగే చోటు కనక ‘డిందుచోటు’. ఆ పాదం చదివినప్పుడల్లా డిందు దగ్గర నా గొంతు దానంతట అదే తగ్గుతుంది. ఆ మాటలోనే దిగుదల ఉంది.

వరంగల్ నుంచి:
అక్కా, అక్కడ డిందేది జగం! దాన్ని తీగకి కట్టడానికి నాకు మనసొప్పదు. పైగా కరెంటు ఎక్కడా అణగదు, చుట్టు తిరిగి మొదలైన చోటికే చేరుతుంది.

డాలస్ నుంచి:
జగమూ అంతే కదా మాస్టారూ. ‘ఎవ్వనిచే జనించు’ తోనే మొదలైంది పద్యం.

తెనాలి నుంచి:
బాబాయిగారు చెప్పినట్టు తీగలు మార్చాను. గుర్రు బాగా తగ్గింది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సన్నగా ఇంకా ఉంది. వైరింగు కాగితం మీద సున్నా వోల్టుల పేరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంచాను. మాస్టారూ, యతి ఒప్పుకున్నాను, కానీ తాతయ్యకి పై పళ్లు లేవు. ఆయన ఠ అన్నా నాకు త అని వినిపించి ఉంటుందా?

వరంగల్ నుంచి:
‘డస్సెన్’ ఎలా పలికేవారో గుర్తు చేసుకోండి. ఆ డ సరిగ్గా పలికి ఉంటే ఠ కూడా పలికినట్టే.