‘క్షిపణి రక్షణ’ అంటే క్షిపణిని కాపాడటమా, క్షిపణి నుంచి కాపాడటమా?

అందరికీ నమస్కారం. 1972 నాటి ఏబీఎం ఒప్పందం (వచ్చే క్షిపణుల్ని కూల్చే వ్యవస్థలకి హద్దు పెడుతూ అమెరికా, సోవియట్ యూనియన్ చేసుకున్నది) మీద ఒక పెద్ద వ్యాసం తెలుగు చేస్తున్నాను. మిస్సైల్ డిఫెన్స్ అన్న మాట అందులో పేరాకోసారి వస్తోంది, పేపర్లలో చూసిన అలవాటు కొద్దీ అన్నిచోట్లా ‘క్షిపణి రక్షణ’ అని రాసుకుంటూ పోయాను. నిన్న మా అమ్మాయికి ఓ పేజీ చదివి వినిపిస్తే ‘క్షిపణిని రక్షించడమేంటి నాన్నా, దాన్నుంచి కదా మనం రక్షించుకోవాల్సింది’ అంది. అప్పట్నుంచి పని ముందుకు సాగట్లేదు. ఆత్మరక్షణ, ధర్మరక్షణ, పర్యావరణ రక్షణ, ఏది తీసుకున్నా రక్షణకి ముందున్న దాన్నే కాపాడుతున్నాం. క్షిపణి దగ్గరికి వచ్చేసరికి అర్థం తిరగబడిపోతోంది. ఇది ఒప్పేనా, వేరే మాట వెతకాలా?

*

వ్యాకరణం రెండిటికీ ఒప్పుకుంటుందండీ. క్షిపణి యొక్క రక్షణ అనుకుంటే షష్ఠీ తత్పురుష, క్షిపణి నుంచి రక్షణ అనుకుంటే పంచమీ తత్పురుష, దొంగభయం అంటే దొంగ వలన భయం అయినట్టు. అచ్చంగా మనం రోజూ వాడే మాటల్లో చూసినా దోమతెర ఉంది, చలికోటు ఉంది. దోమతెర అంటే దోమల్ని కాపాడే తెర అని ఎవరూ పొరబడరు. సమాసంలో విభక్తి కనపడదు, దాన్ని పూరించేది లోకజ్ఞానమే. క్షిపణిని కాపాడాల్సిన పని ఎవరికీ ఉండదు కాబట్టి ‘క్షిపణి రక్షణ’తో ఇబ్బంది లేదని నా అభిప్రాయం.

*

మాస్టారూ, చిక్కు సరిగ్గా అక్కడే ఉంది, క్షిపణిని కాపాడే పని నిజంగా ఉంది. ఆ 1972 ఒప్పందమే చూడండి, అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ చెరో రెండు చోట్ల మాత్రమే ఈ వ్యవస్థ పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది, ఒకటి రాజధాని చుట్టూ, రెండోది ఖండాంతర క్షిపణులు పాతిపెట్టిన ప్రాంతం చుట్టూ, ఒక్కోచోట అడ్డుకునే క్షిపణులు వందకి మించకూడదు. 1974లో దాన్ని ఒక్కో చోటుకి తగ్గించారు. సోవియట్లు మాస్కోని ఎంచుకున్నారు, అమెరికా మాత్రం నార్త్ డకోటాలో గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర తమ మినిట్‌మన్ ఖండాంతర క్షిపణులున్న చోటుని ఎంచుకుంది. అంటే మాస్కోది మీ పంచమీ తత్పురుష, డకోటాది క్షిపణుల నుంచి క్షిపణులనే కాపాడటం, అక్కడ మీరు చెప్పిన రెండు సమాసాలూ ఒకేసారి వర్తిస్తాయి. (అది 1975లో పూర్తిగా పనిలోకి వచ్చింది, 1976కల్లా మూసేశారు.)

క్షిపణుల్ని కాపాడటం ఎందుకంటే, మొదటి దెబ్బకి మనవి కొన్నయినా మిగిలితే ఎదురుదెబ్బ ఖాయమని అవతలివాడికి తెలుస్తుంది, ఆ భయంతో వాడు ముందు కొట్టడు. అదే దేశం మొత్తానికి కవచం కట్టుకుంటే ఎదురుదెబ్బ అంటే భయం పోతుంది, ముందు కొట్టే ధైర్యం వస్తుంది, కనీసం అవతలివాడికి అలా అనిపిస్తుంది, అనిపించగానే వాడు ఆ కవచాన్ని ముంచెత్తేన్ని బాంబులు తయారుచేస్తాడు. నాకు ఈ విషయంలో ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే, రక్షణ అన్నంత మంచి మాట కూడా అవతలి ఒడ్డున బెదిరింపులా వినపడుతుంది.

*

అయితే ‘క్షిపణి నిరోధక వ్యవస్థ’ అనేస్తే సరిపోదా? అర్థం స్పష్టంగా ఉంటుంది, పేపర్లలో కూడా వాడుతున్నారు.

*

(పోస్టు పెట్టింది నేనే) నేనూ మొదట అదే అనుకున్నాను మేడం, రెండు పేజీలు మార్చేశాను కూడా. కానీ డిటరెన్స్‌కి మనవాళ్ళు వాడేది కూడా ‘అణు నిరోధం’ అనే. భయపెట్టి ఆపడం నిరోధమే, వచ్చేదాన్ని గాల్లో కూల్చడం కూడా నిరోధమే అయితే, పై మిత్రులు చెప్పిన వాదన మొత్తం, అంటే రెండోది మొదటిదాన్ని దెబ్బతీస్తుందన్న వాదన, తెలుగులో ‘నిరోధం వల్ల నిరోధం దెబ్బతింటుంది’ అయి కూర్చుంటోంది. అందుకని కూల్చేదానికి ‘ప్రతిక్షిపణి’ అని పెట్టుకుంటున్నా, అక్కడ విభక్తి గొడవ రాదు.

ఈ వ్యాసంలో ఒక్కో మాట మీద ఎంత ఆధారపడి ఉందో చూస్తుంటే భయమేస్తోంది. 1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వస్త్రాలు పూర్తిగా తీసేద్దామా అన్నంత దూరం వెళ్ళి చివరికి ‘ప్రయోగశాల’ అన్న మాట దగ్గర ఆగిపోయారు, రీగన్ తలపెట్టిన అంతరిక్ష క్షిపణి కవచం పరిశోధన పదేళ్ళపాటు ప్రయోగశాల దాటి బయటికి రాకూడదని గోర్బచేవ్, కుదరదని రీగన్.

ఇంకో సందేహం కూడా ఉంది. రీగన్ గోర్బచేవ్‌కి పదేపదే అప్పజెప్పిన రష్యన్ సామెత, ‘దవిర్యాయ్ నో ప్రవిర్యాయ్’. ‘నమ్ము కానీ సరిచూసుకో’ అని రాశాను, అర్థం వచ్చింది గానీ చప్పగా ఉంది. ఇంకేమైనా తడుతోందా?

*

రష్యన్‌లో ఆ రెండు క్రియలూ ఒకే మూలం నుంచి వచ్చినవండీ, నమ్మకం అనే అర్థమున్న ‘వేర’ నుంచి. సరిచూడటం కూడా అక్కడ నమ్మకం కుటుంబంలోదే, మీ ‘కానీ’లో అది పోయి అనుమానం ముందుకొచ్చింది. ‘నమ్ము, నమ్మకం కుదుర్చుకో’ అంటే ఎలా ఉంటుంది? మనకి నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు, కుదుర్చుకోవడం ఇంకా వేరు. భూమిని నమ్ముకుని బతికే రైతు ఇక వేరే దారి పెట్టుకోడు. దేశాలు అలా ఒకదాన్నొకటి నమ్ముకోలేవు, నమ్ముకోమని అడగడం కూడా అన్యాయం. కుదుర్చుకోవడం మాత్రం చెయ్యొచ్చు, చేశారు కూడా. మధ్యశ్రేణి క్షిపణుల మీద ఆ రెండు దేశాలే చేసుకున్న 1987 ఐఎన్ఎఫ్ ఒప్పందంలో ఒకరి ఇన్‌స్పెక్టర్లు ఇంకొకరి క్షిపణుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉన్నారు, 1991 నాటికి రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులు లేకుండా చేశారు. ఆ ఒప్పందం 2019లో పోయింది, ఏబీఎం అయితే 2002లోనే అమెరికా బయటికొచ్చేయడంతో పోయింది.

అన్నట్టు మీ వ్యాసంలో వీటన్నిటికీ కలిపి ‘నిరాయుధీకరణ’ అని రాయకండి దయచేసి. ఆయుధం లేకుండా చేయడం అని దాని అర్థం. ఏబీఎం ఒప్పందం హద్దు పెట్టిందంతే, దానికి ఆయుధ నియంత్రణ చాలు. ఐఎన్ఎఫ్‌కి మాత్రం నిరాయుధీకరణ అనొచ్చు, ఒక రకం క్షిపణుల్ని అది నిజంగానే లేకుండా చేసింది.

*

‘నమ్మకం కుదుర్చుకో’ తీసుకుంటున్నానండీ, చాలా చాలా థ్యాంక్స్. నిరాయుధీకరణ ఏడు చోట్ల ఉంది, ఐదు మారుస్తున్నా. డకోటా పేరాలో మాత్రం ‘క్షిపణి రక్షణ’ అలాగే ఉంచేస్తాను, అక్కడ మా అమ్మాయి అడిగిన అర్థమే సరైనది.