అప్‌డేట్: ఒకే లేమ్, రెండు సాఫ్ట్‌వేర్లు, రెండు రకాల ఎంపీత్రీలు

బెంగళూరులో మా ఇంట్లో రికార్డు చేసిన అమ్మమ్మ మంగళహారతిని రెండు సాఫ్ట్‌వేర్లలో లేమ్ (ఆడియోను ఎంపీత్రీగా మార్చే ప్రోగ్రామ్) 3.100తోనే, 192 కేబీపీఎస్‌లోనే ఎంపీత్రీ చేస్తే ఫైళ్లు ఎందుకు ఒకేలా రావడం లేదని అడిగాను కదా, కారణం దొరికింది. తేడా లేమ్‌లో లేదు, దానికి అందేలోపే వస్తోంది. నా రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని లేమ్‌కి అలాగే ఇచ్చింది. రెండోది 44.1కి మార్చి, 16 బిట్‌కి దించి, డిథర్ కలిపింది. డిథర్ అంటే కావాలని కలిపే సన్నటి రొద. అది ప్రతిసారీ కొత్తగా పుడుతుంది కాబట్టి అదే సాఫ్ట్‌వేర్‌లో రెండుసార్లు చేసినా ఫైళ్లు ఒకేలా రాలేదు!

నిన్న రాత్రి ముందే 16 బిట్, 44.1 వేవ్ ఫైలు చేసుకుని, డిథర్ ఆపేసి, సెట్టింగులన్నీ ఒకటే పెట్టాను. రెండు ఎంపీత్రీలనూ డీకోడ్ చేసి, ఒకదాని తరంగాన్ని తలకిందులు (ఇన్వర్ట్) చేసి రెండోదానితో కలిపితే పూర్తి నిశ్శబ్దం, అంటే రెండూ ఒకటే. స్క్రీన్ మీద శబ్దం చూపే గీత కదల్లేదు. సైజులో మిగిలిన కాస్త తేడా ట్యాగులదే (పాట పేరు లాంటి వివరాలు). సాయం చేసినవాళ్లందరికీ చాలా థాంక్స్.